ఆకాశబావి నీడ

ఆకాశబావి మీద కప్పిన చెక్కలు తీసి పైకప్పు సెంట్రింగుకి వాడేశారు. జరిగిన తప్పు అదే. చెక్కలు చాలడం లేదని మేస్త్రీ డోమ్ వచ్చి అడిగాడు. ఆ సమయానికి ఆ ఇంటి ప్లాను గీసిన దియెప్ ఇసుక లారీ రాలేదని ఫోన్లో ఎవరినో కడిగేస్తోంది. ఫోను చెవి దగ్గర పెట్టుకునే సరేనని తలూపింది. అంతే. కింది గది నేల నుంచి పైకప్పు దాకా, ఒక మనిషి చాప పరుచుకుని పడుకునేంత కంత, మూతా కంచే లేకుండా నోరు తెరుచుకుని ఉండిపోయింది.

కాంథో నగరంలో ఆ వీధి ఇళ్లు రైలు పెట్టెల్లా ఉంటాయి. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ, రెండు పక్కలా పక్కింటి గోడలే. కిటికీ పెట్టుకోవాలంటే ముందువైపు ఒక్కటే దారి, అదీ పడమరకి. మధ్యాహ్నం దాటితే ఎండ తిన్నగా లోపలికొచ్చి కూర్చుంటుంది. అందరూ గదికో ఏసీ పెట్టించుకుని తలుపులు బిగించుకుంటారు. ఇంటాయన క్వీ కూడా అదే చేద్దామనుకున్నాడు. కానీ అద్దె ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా వాళ్ల పసిపాప ఒళ్లంతా చెమటకాయలు పేలి గుక్కపట్టి ఏడ్చేది. "తలుపులు తీస్తే గాలాడే ఇల్లు కట్టిపెట్టక్కా, చాలు" అని క్వీ భార్య దియెప్‌ని అడిగింది.

దియెప్ గీసేవి అలాంటి ఇళ్లే. పడమటి గోడని రెండు పొరలుగా పెట్టి మధ్యలో జానెడు ఖాళీ వదిలింది. బయటి పొరకి చిల్లుల ఇటుకలు. మేడ మీద మట్టి పోసి ఆకుకూరల మడి. ఇంటి నడిమధ్యన ఆకాశబావి. దాంట్లోంచి వెలుతురు కిందికి దిగుతుంది, వేడెక్కిన గాలి పైకి పోతుంది, దాని వెనకే వీధిలో చల్లగాలి లోపలికొస్తుంది. ఇంటికి ముక్కు అదే.

నీడ ముందే పడింది. కాంథోలో ఏ ఇంటికైనా అంతే. భూమిదేవుడికి కోడీ పళ్లూ పెట్టి మొదటి పార వేసిన మర్నాటి నుంచి, కట్టబోయే ఇంటి నీడ మొత్తం ఆ స్థలంలో పరుచుకుంటుంది. గోడలు లేవకముందే కూలీలు గోడల చాటున పనిచేసుకుంటారు. పిట్టగోడ మీద కూర్చోబోయే పిల్లి, దండెం మీద ఆరబోయే పాప బట్టలు కూడా అప్పుడప్పుడూ నేల మీద కదులుతుంటాయి. సగంలో ఆగిపోబోయే ఇంటికి సగం నీడే పడుతుంది. అలాంటి చోటికి డోమ్ తన మనుషుల్ని తీసుకురాడు. ప్లాను మారిస్తే నీడా మారుతుంది. అందుకే దియెప్ పెన్సిలుతో గీస్తుంది. నీడ చూసుకుని, చెరిపి, మళ్లీ గీసి, అంతా కుదిరాక ఇంకు దిద్దుతుంది.

ఆ మధ్యాహ్నం ఎప్పట్లాగే అందరూ కింది గదిలో అన్నాలకి కూర్చున్నారు. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. చుట్టూ ఇంకా పోయని పైకప్పు నీడ చల్లగా ఉంది. మధ్యలో ఆకాశబావి వెలుగు, నేల మీద తెల్లటి తలుపు పడేసినట్టు. దాని చుట్టూ గుండ్రంగా డబ్బాలు తెరిచారు. నూకల అన్నం, మట్టిదాకలో ఉడికిన చేప, ఐసు వేసిన టీ.

"న్యాన్ అక్క చేప వండితే ముల్లు కూడా వదలబుద్ధి కాదు" అన్నాడు డోమ్.

"మింగు మింగు. గొంతులో ఇరుక్కుంటే నీ గోల ఓ గంట తప్పుతుంది" అంది న్యాన్. యాభై దాటిన మనిషి. కాంక్రీటు తట్టలు మోయడంలో ఆమె జోరుకి మగవాళ్లే వెనకబడేవాళ్లు. హెల్మెట్ పెట్టుకోమంటే దాంట్లో బుర్ర అన్నంలా ఉడుకుతుందని, తాటాకుతో అల్లిన గోపురం టోపీయే పెట్టుకునేది. దాని అంచు ఒకచోట ఎలుక కొరికేసి అర్ధచంద్రంలా ఊడిపోయింది. కొత్తది కొనుక్కోమంటే, "ఎలుకకి నచ్చింది, నాకు నచ్చదా?" అనేది.

ఆమె గిన్నెలు కడగడానికి కుళాయి దగ్గరికి లేచింది. దియెప్ టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది.

తెల్లటి వెలుగులో ఒక గుండ్రటి మసక కనబడింది. నీళ్లలో సిరాచుక్క పడ్డట్టు అంచుల్లేని మసక. అది అక్కడే ఉండి గట్టిపడసాగింది. ఎత్తులో ఉన్నదాని నీడ మసకగా ఉంటుంది, నేలకి దగ్గరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. ఆ సంగతి దియెప్‌కి చదువు చెప్పింది, డోమ్‌కి పని చెప్పింది. ఇద్దరూ దాన్నే చూశారు. మసక నలుపైంది. నలుపుకి అంచు వచ్చింది. అంచులో అర్ధచంద్రం వచ్చింది. టోపీ పక్కనుంచి రెండు చేతులు చాచుకున్నాయి. నీడ నేలని తాకింది, ఆ వెంటనే అక్కడ ఏమీ లేదు.

డోమ్ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. కుళాయి దగ్గర న్యాన్ ఏదో పాట తీస్తోంది.

"చూశావా?" అంది దియెప్.

"పైకప్పు పోత ఎల్లుండి" అన్నాడు డోమ్.

దియెప్‌కి మొదట తోచింది న్యాన్‌ని అక్కడినుంచి పంపెయ్యడం. గ్లాసు పక్కన పెట్టి కుళాయి దాకా వెళ్లింది.

"అక్కా, నువ్వు రేపట్నుంచి రాకు. నీ కూతురింటికి వెళ్లి ఓ నాలుగు రోజులుండు."

"ఎందుకట?"

"ఊరికే."

"ఊరికే పంపడానికి నేనేమన్నా నీ అత్తగారినా?" న్యాన్ గిన్నె ధడాలున కింద పెట్టింది. "పోత రోజున నన్ను మానిపిస్తావా? తట్టల వరసలో నా చోట ఎవర్ని నిలబెడతావ్? ఆ డోమ్‌గాడినా? వాడు సగం దారిలో కాంక్రీటుకి కబుర్లు చెబుతూ కూర్చుంటాడు."

"వెళ్లమన్నానా లేదా!"

అంత గట్టిగా దియెప్ ఎప్పుడూ అరవలేదు. న్యాన్ ఆమె మొహంలోకి చూసి, గిన్నెలు మూటకట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి సంగతి అందరికీ తెలిసింది, ఎవరూ వెలుగు చుట్టూ కూర్చోలేదు. గోడ వారగా వరసగా కూర్చుని, తింటున్నట్టు నటిస్తూ నేల వైపే చూశారు. సూర్యుడు నెత్తిమీదికి రాగానే మసక వచ్చింది. గట్టిపడింది. ఈసారి అంచులో అర్ధచంద్రం లేదు. నున్నటి గుండు, నడినెత్తిన గీతలా లేచిన గట్టు. హెల్మెట్.

ఆ సైటులో గట్టున్న హెల్మెట్ ఒక్కటే ఉంది. డోమ్ దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని, వేరేవాళ్ల వస్తువు చూస్తున్నట్టు చూశాడు.

"న్యాన్ అక్కని తప్పిస్తే నా మీద పడిందేంటి అక్కా?" అన్నాడు. నవ్వబోయాడు గాని పెదవి ఒకవైపే కదిలింది.

దియెప్‌కి అప్పుడు అర్థమైంది. నీడ న్యాన్ కోసం రాలేదు. ఎవరో ఒకరి కోసం వచ్చింది. న్యాన్‌ని పంపితే డోమ్, డోమ్‌ని పంపితే ఇంకొకరు. ఆ కంత ఉన్నంతసేపూ దానికో మనిషి కావాలి.

ఆ సాయంత్రమే థోయ్ వచ్చాడు. క్వీకి మేనమామ. డెబ్భై దాటినా నిటారుగా నడిచే మనిషి. ఆ ఏడు ఇల్లు కట్టడానికి క్వీ వయసు అచ్చిరాదని పంచాంగం చెప్పింది. అందుకని మామ వయసు అరువు తీసుకున్నాడు. పూజలు జరిగినంతకాలం ఆ ఇల్లు పేరుకి థోయ్‌దే. మొదటి పార ఆయనే వేశాడు, పైకప్పు మీద మొదటి తట్టా ఆయనే పోయాలి. క్వీ ఆ రోజుల్లో సైటు ఛాయలకి కూడా రాడు. దాంతో థోయ్‌కి ఆ ఇంటి మీద సొంత ఇంటి కంటే ఎక్కువ హక్కు వచ్చేసింది. ముహూర్తాలప్పుడు పెట్టుకునే, ఓ పక్క పక్షి ఈక గుచ్చిన, అంచున్న బూడిదరంగు ఉన్ని టోపీ ఇప్పుడు రోజూ పెట్టుకుని తిరుగుతున్నాడు.

"రేపు పొద్దున్న పోత. భూమిదేవుడి పళ్లు కొరికి దొరికిపోయిన ఎలకలా అలా బిక్కచచ్చి నిలబడ్డారేంటి?" అన్నాడు.

"పోత ఆపుతున్నాను మామయ్యగారూ. కంతకి కంచె కట్టాలి, వల వెయ్యాలి. చెక్కలు మళ్లీ తెప్పించాలి."

"ఆపుతావా? ఇది దాటితే ఏడో నెల వస్తుంది అమ్మాయ్. ప్రేతాలు తిరిగే నెలలో ఇల్లు కప్పిన వాడు ఈ ఊళ్లో ఉన్నాడా? ఆ కంతే కదా నీ బెడద, దాన్ని మూసెయ్. స్లాబు కలిపేసుకుంటే పైన ఇంకో గది కూడా వస్తుంది."

డోమ్ దియెప్ వైపు చూశాడు. ఆ చూపులో మూసెయ్యమనే ఉంది. అతన్నీ తప్పుపట్టలేం, పడబోయేది అతనే.

మర్నాడు పొద్దున్నే వీధి చివర కాఫీ బల్ల దగ్గర ప్లాను పరిచి, దియెప్ రబ్బరుతో ఆకాశబావిని చెరిపేసింది. ఆ గీతలు గీయడానికి ఆమెకి ఒక వారం పట్టింది. చెరపడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. పోతకి మనుషులెవరూ రావద్దని, మధ్యాహ్నం నీడ చూశాకే ఏ సంగతైనా చెబుతానని డోమ్‌తో కబురంపింది. ముహూర్తం అలాగే దాటిపోయింది. ఇంకొకటి ఉందో లేదో చూడమని థోయ్ తిట్టుకుంటూ పంచాంగాల ఆయన దగ్గరికి వెళ్లాడు.

మధ్యాహ్నం నేల మీద వెలుగు లేదు. మసకా రాలేదు. ఇల్లంతా ఒకటే నీడ. డోమ్ గుండెల నిండా గాలి పీల్చుకోబోయాడు, పీల్చుకోలేక దగ్గాడు. నీడ ఉంది గాని చల్లదనం లేదు. మూత బిగించిన కుండలో కూర్చున్నట్టుంది. చెమట కారుతోంది గాని ఆరడం లేదు. దండెం మీద పాప బట్టల నీడ అంగుళం కూడా కదలడం లేదు. గోడల నిండా పెట్టెల నీడలు మొలిచాయి, గదికో ఏసీ. వాటి మధ్యలో ఎక్కడో ఒక చిన్న నీడ, కాళ్లు తన్నుకుంటోంది. ఏడుపుకి నీడ ఉండదు. కానీ ఆ కాళ్లు ఎందుకు కొట్టుకుంటున్నాయో దియెప్‌కి తెలుసు.

"బావి ఉండాల్సిందే" అంది.

"ఉంటే నేను పోతానక్కా."

"కంత ఉంటుంది, దాని నోరు ఉండదు. కంచె కట్టి చూద్దాం."

పెన్సిలుతో బావి మళ్లీ గీసింది. కంచె ఇంట్లో భాగం కాదు, అది గీస్తే చాలదు, కట్టాలి. దానికి చెక్కలు, చువ్వలు, వల రావాలి, కట్టడానికి రెండు రోజులు కావాలి. ఇంతలో థోయ్ కొత్త ముహూర్తంతో వచ్చిపడ్డాడు. మర్నాడే, పొద్దున్న. అదీ తప్పితే ఇక ప్రేతాల నెల దాటాకేనట. ఆ కంచె ఏదో పోత అయ్యాక తీరిగ్గా కట్టుకోమన్నాడు.

"సరే మామయ్యగారూ. భోజనం వేళకి వచ్చారు, ఒక్క గ్లాసు టీ తాగండి. పొద్దు నడినెత్తి దాటకముందే ఇలా కూర్చోండి" అంది దియెప్, స్టూలు వేసి.

బావి మళ్లీ గీసింది కాబట్టి వెలుగు మళ్లీ పడింది. థోయ్ గ్లాసు అందుకున్నాడు. మసక వచ్చింది. గట్టిపడింది. ఈసారి గుండు కాదు, గోపురం కాదు. పొట్టి అంచు, నడినెత్తిన నొక్కు, ఓ పక్కగా గుచ్చిన పక్షి ఈక.

థోయ్ చెయ్యి తనంతట తానే పైకి వెళ్లి టోపీలో ఈకని తాకింది. నేల మీద ఆ టోపీ పక్కన రెండు ముసలి చేతులు గాలిని పట్టుకోబోయి పట్టుకోలేకపోయాయి. ఆ తర్వాత వెలుగు ఖాళీ.

ముహూర్తం మారింది, దాంతో పడబోయే మనిషీ మారాడు. మొదటి తట్ట పోయాల్సింది ఆయనే. బావి పక్కగానే నడవాలి. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

టీ గ్లాసు కింద పెట్టాడు. దాంట్లో ఐసుముక్కలు టకటకమన్నాయి.

"ఆ పంచాంగాల వాడికి చత్వారం" అన్నాడు. "ఇంకోసారి చూడమంటాను. ప్రేతాల నెల ముందు మరో రోజు ఉండి తీరుతుంది. లేకపోతే వాడి చేతే పుట్టిస్తాను." లేచి గోడ వారగా, కంతకి ఎంత దూరం వీలైతే అంత దూరంగా నడిచి వెళ్లిపోయాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

రోజు పుట్టింది. అంత గొప్పది కాదట, పనికొస్తుందట.

ఈలోపు కంచె కట్టారు. ప్రతి అంతస్తులోనూ, పైకప్పు మీదా బావి చుట్టూ ఇనుప చువ్వలు నాటి, నడుము ఎత్తున ఒక వరస, మోకాలి ఎత్తున ఒక వరస అడ్డకర్రలు బిగించారు. చెయ్యి జారి తట్టలు కిందికి దొర్లకుండా అంచున పలక. పైకప్పుకి కింది అంతస్తులో కంతకి అడ్డంగా గట్టి వల. డోమ్ ప్రతి కర్రనీ పట్టుకుని ఊగి చూశాడు. దియెప్ అతని వెనకే వెళ్లి మళ్లీ ఊగి చూసింది. వలలో సిమెంటు బస్తా పడేసి చూశారు. ఆగింది. మళ్లీ పడేయమంది దియెప్.

న్యాన్‌కి కబురంపితే రానంది. రెండోసారి దియెప్పే ఫోన్ చేసింది. "నీ చేప లేక డోమ్ చిక్కిపోయాడు." అంతే, న్యాన్ వచ్చేసింది. హెల్మెట్ పెట్టుకుంటేనే పైకి ఎక్కనిస్తానంటే, తిట్టుకుంటూ పెట్టుకుని, దాని మీద తాటాకు టోపీ పెట్టింది.

పోతకి ముందు రోజు మధ్యాహ్నం మళ్లీ చూశారు. వెలుగు పడింది. దాని నిండా వల నీడ, చేపల వలలా గళ్లు గళ్లుగా. ఇక ఏమీ రాదనుకున్నారు. వచ్చింది. గుండ్రటి మసక. దియెప్ డోమ్ మణికట్టు పట్టుకుంది. మసక గట్టిపడలేదు. నేలకి దగ్గర కాలేదు. సగం ఎత్తులో ఎక్కడో ఆగిపోయి, మెల్లగా ఇటూ అటూ ఊగుతూ అలాగే ఉండిపోయింది, సూర్యుడు పక్కకి జరిగేదాకా.

"అదేంటక్కా? మనిషేనా?" అన్నాడు డోమ్.

"తెలీదు."

"వలలో మనిషైతే బతికున్నట్టా, లేనట్టా?"

"తెలీదన్నానా."

ఆ జవాబు తెలియకుండానే పొద్దున్న పోత మొదలైంది. దేవుడికి కోడి, అగరొత్తులు. థోయ్ హెల్మెట్ పెట్టుకుని, నడుముకి కట్టిన తాడు రెండుసార్లు లాగి చూసుకుని, మొదటి తట్ట పోసి, ఆ వెంటనే కిందికి దిగిపోయాడు. తట్టలు చేతులు మారుతూ పైకి రావడం మొదలెట్టాయి. దియెప్ బావి పక్కన నిలబడింది. ఆమె నిలబడాల్సిన చోటు అది కాదు, కానీ అక్కణ్ణించి కదలలేకపోయింది.

"మేస్త్రీ! ఆ మూల నిండలేదు, నీ బుర్రలాగే" అని అరుస్తోంది న్యాన్. నిండు తట్ట పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ, ఎవరితోనో ఎగతాళి. తడి కాంక్రీటు మీద మడమ జారింది. తట్ట చేజారింది. వీపు వెళ్లి కంచెకి తగిలింది.

అడ్డకర్ర మూలిగింది. న్యాన్ నడుము పైభాగం మొత్తం కంత మీదికి వాలింది. టోపీ హెల్మెట్ మీంచి లేచి, గాలి మీద తిరుగుతూ దిగి, వలలో పడింది. పడి, మెల్లగా ఇటూ అటూ ఊగింది.

కర్ర ఆగింది.

డోమ్ ఒక చెయ్యి, దియెప్ ఒక చెయ్యి పట్టుకుని లాగారు. న్యాన్ కాంక్రీటులో కూర్చుండిపోయింది. తర్వాత మెడ చాచి కిందికి చూసి, "నా టోపీ! ఎవడైనా తీయండ్రా, దిష్టిబొమ్మల్లా చూస్తారేంటి" అంది.

దియెప్ సిమెంటు బస్తా మీద కూలబడింది.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ న్యాన్ అడిగింది. "ఆ రోజు నన్నెందుకు తరిమేశావో చెప్పలేదు."

"నీ టోపీ నాకు నచ్చలేదు."

"ఎలుకకున్న పాటి బుద్ధి లేదు నీకు" అంది న్యాన్, ఆ టోపీ దులిపి నెత్తిన పెట్టుకుంటూ.

ఆ ఇంట్లో ఇప్పుడు పాప నేల మీద పాకుతోంది. ఏసీ లేదు. మధ్యాహ్నం వెలుగు తలుపులా దిగి గది మధ్యన పడుకుంటుంది, పాప దాని మీద చెయ్యి వేసి పట్టుకోబోతుంది. పైన బావి నోటికి ఇనుప జల్లెడ ఉంది. దియెప్ బిగించి వెళ్లినదే.

ఆమె ఇప్పటికీ ఇళ్లు పెన్సిలుతోనే గీస్తుంది. గోడలు, గదులు, మెట్లు, బావి, అన్నీ చెరిపి మళ్లీ గీసుకునేవే. కానీ అన్నిటికంటే ముందు, కాగితం మీద ఇంకేమీ లేనప్పుడు, బావి వచ్చే చోటు చుట్టూ కంచె గీస్తుంది. అదొక్కటీ ఇంకుతో.